చెల్లెలు ముందే అడిగి తీసుకున్న చీర

మా చెల్లెలు మస్కట్‌లో కన్నుమూసిందన్న కబురు, ఈమధ్య ఒక శుక్రవారం ఉదయం, నేను పారాయణ ముగించి పుస్తకానికి గుడ్డ చుడుతుండగా వచ్చింది. ఆమెతో పాటు ఒకే ఇంట్లో పనిచేస్తూ, ఒకే గదిలో ఉండే నిజామాబాదు వైపు స్త్రీ ఫోనులో ఏడుస్తూ చెప్పింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఎక్కడ పోతే అక్కడే దహనం చేయాలని మా చెల్లెలు బయలుదేరిన నాడే కొడుకుతో మాట తీసుకుంది. అందుకు కావలసిన ఏర్పాట్లు అక్కడే జరుగుతున్నాయి.

“అన్నా, పుట్టింటి చీర అక్క పెట్టెలనే ఉన్నదని ఆమె కొడుకు చెప్పిండు. మొత్తం ఎతికిన, దొరుకుతలేదు. ఏ రంగుది?”

“ఆకుపచ్చది బిడ్డా. ఆవపూల రంగు అంచు. మళ్ళొకసారి చూడు.”

“చూసి ఫోన్ జేస్త.”

మా నేతవారి ఇళ్ళలో ఆడపడుచు పోతే పుట్టింటివారు తెచ్చిన బట్ట కప్పకుండా సాగనంపరు. అత్తింటివారు ఎన్ని చీరలు కప్పినా ఆ ఒక్కటి లేకపోతే ఆమె దిక్కులేనిదై వెళ్ళినట్టే లెక్క. ఆమె పుట్టింట మిగిలింది నేనొక్కణ్ణే. ఆ ఫోను మళ్ళీ మోగేవరకు నా మనసులో మెదిలిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

మేము వలస వచ్చి స్థిరపడ్డ మగ్గాల ఊళ్ళో, నార్పోలి పేటలో, తన భర్త అయిన మా బావగారి షెడ్డులో ఆమె ఏళ్ళ తరబడి నూలు కండెలు చుట్టింది. సాయంత్రం నేను పురాణం చెప్పే చోటికి వచ్చేముందు గుమ్మం బయట నిలబడి, జుట్టులో చిక్కుకున్న దూదిపోగులను ఓపికగా ఏరుకునేది. ఆ తరువాత వెనుక వరుసలో, గోడకు ఆనుకుని కూర్చునేది. విని ఊరుకునే శ్రోత కాదు. ఒకనాడు నేను వానప్రస్థాశ్రమాన్ని వివరిస్తుంటే చేయెత్తింది.

“అన్నా, నడివయసు దాటినంక ఇల్లిడిచి పోవుడు మొగోళ్ళకేనా?”

“భార్య భర్తను అనుసరించవచ్చునమ్మా.”

“ఆయన ముందే పాయె. ఇంక నేను ఎవల ఎంబడి పోవాలె?”

సభ అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నేను తరువాతి శ్లోకం ఎత్తుకున్నాను.

బావగారు పోయిన కొంతకాలానికి ఆమె మరుదులు మగ్గాలను తుక్కు కింద అమ్మివేశారు. ఆమె అంజూర్ ఫాటాలో కొడుకు ఇంటికి చేరింది. అక్కడ కోడలు ఆమెను ఏ పనీ చేయనిచ్చేది కాదు. గౌరవంగానే చూసుకునేది, ఆ గౌరవమే ఆమెకు ఊపిరాడనివ్వలేదు. యాభై దాటిన ఆ వయసులో, మస్కట్‌లో ఒక వృద్ధురాలిని కనిపెట్టుకుని ఉండే పనికి ఒప్పుకుంది.

“అమ్మా, లోగ్ క్యా బోలేంగే, నలుగురేమంటరు? కొడుకు బువ్వ పెడుతలేడనరా?” అని కొడుకు గోడు పెట్టుకున్నాడు.

“నువ్వు బువ్వ పెడుతలేవని పోతలేను బిడ్డా. పొద్దంత బువ్వకే కూసోలేక పోతున్న.”

ధామన్కర్ నాకా కూడలి దగ్గర మా కులపు ఆడవాళ్ళు ఎదురై, “మనుమండ్ల నెత్తుకునే ఈడుల ఇమానమెక్కుతవా?” అని ఎత్తిపొడిచారు. “మనుమండ్లను ఎత్తిన చేతులే గదక్కా, ఆడున్న ముసలామెను గూడ లేపుతయి” అంటూ ఆటో ఎక్కేసిందట.

వెళ్ళే ముందు మా ఇంటికి వచ్చింది. “అన్నా, నా పుట్టింటి చీర ఇప్పుడే పెట్టు. రేపు నాకేమన్న అయితే ఆడికి నువ్వెట్లొస్తవు? నీకు పాస్‌పోర్టు గూడ లేదాయె.”

నా భార్య చెవులు మూసుకుంది. “పానంతోనున్న మనిషికి పీనుగ బట్టనా! నోరు కడుక్కోవే!”

“చీర పోతదనే గద నీ బాధ, వదినా?”

బజారుకు ముగ్గురమూ కలిసే వెళ్ళాము. దుకాణదారు తెల్లచీరలు పరిచాడు. వితంతువుకు అదే ఆచారం. ఆమె వాటిని పక్కకు నెట్టి, “ఈడ ఎట్లాగు తెల్లదే కట్టిన. ఆడికన్న ఆకుపచ్చది పెట్టన్నా” అంది. పెట్టాను. ఇంటికి వచ్చాక నా భార్య ఏమనుకుందో, ఆ చీర కొంగున పిడికెడు పసుపు కలిపిన బియ్యం ముడివేసింది. ముత్తైదువ ఆడపడుచుకు పుట్టింటివారు పోసే ఒడిబియ్యం వితంతువుకు పోయరు. “ఇది పీనుగ బట్ట గాదు, పయనం బట్ట” అని గొణిగింది. నేను చూసీ చూడనట్టు బయటికి నడిచాను.

అక్కడి తొలి నెలలు ఎంత కష్టంగా గడిచాయో ఆమె ఏనాడూ చెప్పలేదు. “మంచిగనే ఉన్నన్నా” అనేది. మరుక్షణమే, “ఫోను జర కిటికీ కాడ పెట్టు” అనేది. మా వీధిలో ఆడుతున్న మగ్గాల చప్పుడు వింటూ ఉండిపోయేది. ఆ ఇంటి నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదట. తరువాతి కాలంలో ఆ కోరిక తగ్గుతూ వచ్చింది. ఒకసారి నేనే ఫోను కిటికీ దగ్గర పెట్టబోతే, “వద్దన్నా, ఇప్పుడు నిద్ర పడుతున్నది” అంది. సంతోషించవలసిన మాటే. అయినా కాసేపు ఫోను కిటికీ వైపే పట్టుకున్నాను.

ఫోను మళ్ళీ మోగింది.

“అన్నా, ఆకుపచ్చదంటే పెట్టెల దాసింది గాదు! అక్క ప్రతి శుక్రవారం అదే కట్టేది. సముద్రం కాడికి పోయినా అదే. చినిగినంక కొంగు కోసి తలకింది మెత్తకు తొడిగే గలీబు కుట్టుకున్నది.” ముక్కు చీదుకుంది. “ఇప్పుడు గూడ తల దాని మీదనే ఉన్నది.”

కబురందగానే మా ఇంటికి వచ్చి పక్కన కూర్చున్న ఆమె కొడుకు, నా మేనల్లుడు, నా ముఖంలోకి చూశాడు. “మామా, ఎట్ల మరి? శాస్త్రం ఏం జెప్తది?”

కట్టి విడిచిన బట్ట, పైగా కుట్టిన బట్ట. రెండూ కూడవని నేనే ఎందరికో చెప్పాను. కొత్తది కొని పంపడానికి వ్యవధి లేదు.

“కుట్టు విప్పు బిడ్డా,” అన్నాను. “అదే కప్పు.”

పదో దినాన భోజనాల దగ్గర ఎవరో అననే అన్నారు: “అన్న బతికుండంగనే చెల్లె పుట్టింటి బట్ట లేక పోయింది.” ఆనాడు నేను చెప్పింది ధర్మమో కాదో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆ స్త్రీ పంపిన చిత్రం నా ఫోనులో ఉంది. వెలిసిన ఆకుపచ్చ గుడ్డ మెడ దగ్గర మొదలై గుండెల వరకే వచ్చింది. అంచుల వెంట సూది దిగిన గుర్తులు. ఒక మూలన, నా భార్య బియ్యం ముడివేసిన చోట, ఎన్ని ఉతుకులకూ పూర్తిగా వదలని పసుపు మరక.