శుక్రవారం ఫోను

ఈల టీచరు అంటే ఆ చుట్టుపక్కల బళ్ళలో తెలియనివాళ్ళు లేరు. జీవితమంతా పిల్లలకి డ్రిల్లు నేర్పిన మనిషి. మెళ్ళో ఒక ఈల, గొంతులో ఇంకో ఈల. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఏ పిల్ల ఇంట్లో తన్నులు తిని వచ్చిందో, ఎవడు ఎవణ్ణి కొట్టబోతున్నాడో నడక చూసి చెప్పేసేది. అలాంటి మనిషిని మోకాళ్ళు అరిగాక తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. రాష్ట్ర పాఠశాలల భద్రత, బాలల హింసా నివారణ కేంద్రమట. అంత పేరున్న బోర్డు వరండా గోడకి చాలక, చివరి ముక్క కిటికీకి అడ్డం వచ్చింది. ఇక ఆ కిటికీ తెరిచే యోగం లేదు. లోపల రెండు గదులు, నాలుగు ఫోన్లు, ఒక గుమాస్తా, పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలరమ్మాయి ఒక్కతే, అందరి మీదా డైరెక్టరు గారు. ఇంత రాష్ట్రానికీ ఇదే సరంజామా.

కేంద్రం పెట్టేటప్పుడు ఒక నియమం కావాలని పట్టుబట్టింది టీచరే. బడివాళ్ళు తమంతట తాము ఫోను చేసి చెబితేనే మనం ఆ గడప తొక్కాలి, వాళ్ళూ వీళ్ళూ అన్న మాటలు విని వెళ్ళకూడదు అని. మీద పడితే ఏ హెడ్మాస్టరూ నోరు విప్పడని ఆవిడ భయం. అందరూ సరేనన్నారు. డైరెక్టరు గారు ఊరుకోక దానికో తోక తగిలించారు. కేంద్రంలో చేరిన బళ్ళన్నీ ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోను చెయ్యాలి, గొడవల్లేని బడికి ప్రశంసాపత్రం. ఇంకేముంది. శుక్రవారం వచ్చిందంటే ఫోన్లు మోగడం, "అంతా ప్రశాంతమండీ" అనడం, పెట్టెయ్యడం. పిల్లలున్న చోట ప్రశాంతమేమిటి, ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారు అని ఆవిడకి ఒళ్ళు మండేది. మండీ మండీ, ఈ మధ్య అది కూడా మానేసింది. డైరెక్టరు గారు మాత్రం ఇదంతా మన కేంద్రం చలవే అని పొంగిపోయేవారు.

ఆ ప్రశాంతమైన బళ్ళలో ఒకదానికి హెడ్మాస్టరు ఆవిడ భర్తే.

ఒక సోమవారం భోజనాల దగ్గర ఆయనే కదిపారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆయన గదిలోకొచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించిందట. వెనక బెంచీ పిల్లలు కంపాసు ముల్లుతో గుచ్చిన గాట్లు, మోచేతి నుంచి భుజం దాకా.

"కనుక్కుంటాలే అని పంపించాను," అన్నారు.

"ఏమండీ, శుక్రవారం ఫోనులో చెప్పండి. మా కౌన్సెలరమ్మాయిని పంపిస్తాను."

"చూద్దాంలే. రిటైరయ్యే ముందు నాకెందుకీ తలనొప్పి."

ఆవిడ ఇంకో మాట అనలేదు. అనే ఓపిక లేదు. కంచం కడిగేసుకుని వెళ్ళి పడుకుంది.

గురువారం ఆ పిల్ల పుస్తకాల సంచిలో కూరలు తరిగే కత్తి దొరికింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన ఇంటికొచ్చి, "టి.సి. ఇచ్చి పంపించేస్తాను. గుట్టుచప్పుడు కాకుండా అయిపోతుంది," అన్నారు.

"కత్తి తెచ్చిన పిల్లని ఇంకే బళ్ళో చేర్చుకుంటారు? దాని చదువు అక్కడితో సరి."

ఆయన చొక్కా విప్పి కొక్కానికి తగిలించారు.

"మీరు ఫోను చేసి చెప్పందే నేను రాలేను. నియమం పెట్టిందాన్ని నేనే."

"తెలుసు," అన్నారాయన విసుగ్గా.

శుక్రవారం సాయంత్రం ఆయన ఫోను వచ్చింది. ఇంట్లో నువ్వు అనే మనిషి ఫోనులో మాత్రం మేడమ్ అంటారు. అది విన్నప్పుడల్లా పక్క కుర్చీలో గుమాస్తా మూతి బిగబట్టుకుని నవ్వుతాడు.

"నమస్కారం మేడమ్. మా బళ్ళో అంతా..."

అక్కడ ఆగిపోయారు. ఆవిడ నోటిదాకా చాలా వచ్చింది. మింగేసింది. మిగతా ఫోన్లు మోగుతున్నాయి, గుమాస్తా చెయ్యి ఊపుతున్నాడు. ఆవిడ రిసీవరు చెవికి ఆనించుకుని కదలకుండా కూర్చుంది.

"అంతా ప్రశాంతంగా లేదండీ," అన్నారాయన చివరికి. "ఒక పిల్ల ఉంది. రాసుకోండి."

ఆవిడ బడి పేరు రాసి, కింద పిల్ల సంగతి రాసుకుంది. డైరెక్టరు గారు అది చూసి నిట్టూర్చారు.

"మొదటి గొడవ మీ ఇంటాయన బళ్ళోనే జరగాలా టీచర్‌గారూ? ఆ ప్రశంసాపత్రాల జాబితాలోంచి వాళ్ళ బడి తీసెయ్యండి."

ఆవిడే తీసేసింది.

సోమవారం కౌన్సెలరమ్మాయి వెళ్ళింది. ఆ మధ్యాహ్నమంతా పిల్ల దగ్గరే కూర్చుంది. వెనక బెంచీవాళ్ళ తల్లిదండ్రుల్ని పిలిపించారు. సాయంత్రం ఆయన కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరారు. ఆవిడ మంచినీళ్ళిస్తే తాగకుండా చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

"టి.సి. ఇవ్వటం లేదు. పిల్ల బళ్ళోనే ఉంటుంది."

"మంచి పని చేశారు."

"ఇంటికెళ్తూ నా గది దగ్గర ఆగింది. ఏడవలేదు, కోప్పడలేదు. పోయిన సోమవారమే చెప్పాను కదా సార్, మరి అప్పుడే ఎవరూ ఎందుకు రాలేదు అని అడిగింది."

"మీరేమన్నారు?"

"తప్పు నాదేనన్నాను. ఆ కేంద్రంలో మేడమ్‌కి అప్పటికింకా తెలియదమ్మా అన్నాను."

ఆవిడ ఆయన పక్కనే కూలబడింది. తెలుసు. పోయిన సోమవారమే, అన్నం తింటూ, అంతా విన్నది.