గుమ్మంలో ఊపిరి

సాయంత్రం ఆరూ ఇరవైకి మా ఆయన నాగాయలంక నుంచి బందరు వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మంలోనే నిలబడి నా ముఖం మీదికి ఊపిరి వదిలేవారు. నేను తల ఊపాకే లోపలికి వచ్చేవారు. ఆయన ఉద్యోగం రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్షించడం.

ఆ పద్ధతి నేను పెట్టిందే. గుడివాడలో మా అన్నయ్య గృహప్రవేశం భోజనాల్లో, ఆవకాయ కలిపిన రెండో ముద్దకే ఆయన ముఖం, మెడ ఎర్రబడ్డాయి. "బావగారికి పొద్దున్నే మొదలైనట్టుందే," అన్నాడు మా అన్నయ్య. బంతిలో అందరూ నవ్వారు. తాగుడు అలవాటే లేదని ఆయన ఇంటికొచ్చాక చెప్పారు. నేను నమ్మలేదు. మూడేళ్ళు ఊపిరి చూశాను. ఒక్కనాడూ వాసన రాలేదు. అది ఆయన జాగ్రత్త అనుకున్నాను.

తర్వాత విరేచనాలు ఆగకపోతే స్కానింగ్ తీయించాం. కాలేయంలో గడ్డలున్నాయన్నారు. తిరిగొస్తూ ఆటోలో నేను అడిగిన మొదటి మాట, "ఎప్పటినుంచి తాగుతున్నారు?"

హైదరాబాదులో ఇంకో రకం స్కానింగ్ చేశారు. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. పెప్టైడ్ అనే చిన్న ప్రోటీన్ ముక్కకు రేడియోధార్మిక పదార్థం తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. అది ఆయనకున్న రకం కణితిని వెతికి పట్టుకుంటుంది. అప్పుడు స్కాన్‌లో కణితి ఉన్న చోటల్లా వెలుగుతుంది. అదే ముక్కకు మరో పదార్థం తగిలిస్తే కణితికి చికిత్స అవుతుంది. విరేచనాలూ, ముఖం ఎర్రబడటమూ ఆ కణితి వదిలే రసాయనాల వల్లే. "తాగుడనుకుంటారండీ చాలామంది," అంది ఆవిడ. ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

చికిత్స ఇంజెక్షన్ ఎక్కించాక, ఒంట్లో రేడియేషన్ ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళు మనుషులకు దూరంగా ఉండమన్నారు. ఇంటికొచ్చిన రోజు ఆయన గుమ్మం అవతలే ఆగిపోయారు.

"ఇవాళ దగ్గరికి రాకూడదే. వాసన ఎలా చూస్తావు మరి?" అన్నారు నవ్వుతూ.

క్షమించమని అప్పుడే అడగవలసింది. ఎదురింటావిడ వాకిట్లో ఉందని, ఆ గడువు పూర్తయ్యాక అడుగుదామని ఊరుకున్నాను. గడువు పూర్తయింది. ఆయన మళ్ళీ పనికి వెళ్ళారు. సాయంత్రం వచ్చి, అలవాటుగా గుమ్మంలో ఆగి ఊపిరి వదిలారు. నేను తల ఊపాను.

రెండో విడత చికిత్స తర్వాత ఆయన ఎక్కువ కాలం లేరు.

ఇప్పుడు మా ఇంటికి వచ్చేవాళ్ళెవరూ గుమ్మంలో ఆగరు.