పాత పేరు మీద ఒక ఖాళీ ప్యాకేజీ

ఒక్క మాట అడుగుత, నిజం చెప్పుండ్రి. వాదనల గెల్చి, గా గెలుపుతోనే సొంత దోస్తును ముంచినోళ్లు మీలో ఎవలన్నా ఉన్నరా? నేనున్న. మొన్న మెదక్‌ల, మా కాలేజీ ల్యాబ్‌ల, పట్టపగలు ముంచిన.

తెలుగు మాటను అక్షరాలుగా విడగొట్టే చిన్న లైబ్రరీ ఒకటి, అంటే ఎవలైనా తమ ప్రోగ్రాంల కలుపుకునే కోడ్, పైథాన్ భాషల రాసిన. పేరు ‘అక్షర’. మా గ్రూపోళ్లందరం లైబ్రరీలు పెట్టుకునే రిపోజిటరీల అది ఉంటది, కావాల్సినోళ్లు పేరుతోని దింపుకుంటరు. నా దోస్తు స్వప్న, హవేలిఘనపూర్ పిల్ల, దాని మీదనే చిన్నపిల్లలకు పదాల ఆట తయారు చేసింది. అదే ఆమె ఫైనల్ ప్రాజెక్టు. వైవా పాసైతేనే హైదరాబాద్‌ల జాబ్.

వైవా ముందురోజు గ్రూపుల లొల్లి. జావా అనే వేరే భాషల ఇంకొకరు గదే పేరుతోని లైబ్రరీ తెస్తమన్నరు. ఒక్క పేరు మీద రెండెట్లుంటయి? ముందు భాష పేరు, ఎన్క లైబ్రరీ పేరు, గిదే పద్ధతి అని నేను పట్టువట్టిన. పాత పేరు మీద ఆధారపడ్డోళ్ల గతేందని మా సీనియర్ రఫీ అన్న మెల్లగ అడిగిండు. నేను ఊకుంటనా? డిబేట్లల్ల కప్పులు గెల్చిన నోరాయె. పాత తప్పులను ఎంతకాలం మోస్తమని ఉపన్యాసం దంచిన. అదే ఊపుల ‘అక్షర’ను తీసేసి ‘పైథాన్-అక్షర’ అని పెట్టిన.

తెల్లారి ల్యాబ్‌ల కొత్త సిస్టమ్ మీద స్వప్న తన ఆటను ఇన్‌స్టాల్ చేస్తుంటే, ‘అక్షర’ దొరకలేదని తెర మీద ఎర్రగ వచ్చింది. పక్కనే ఎగ్జామినర్ సారు. సబ్మిట్ చేసిన కోడ్‌ను ముట్టుకోవద్దని రూలు. ఆమె కోడ్‌ల ‘అక్షర’ కావాలె అని రాసి ఉన్నది, నేనేమో గా పేరే లేకుండ జేసిన. స్వప్న నా దిక్కు చూసింది, మళ్ల తెర దిక్కు తిరిగింది. తిట్టినా బాగుండు.

బయటికి ఉరికి రఫీ అన్నకు ఫోన్ కొట్టిన. మనోహరాబాద్ స్టేషన్ల రైలు కోసం నిలవడ్డడట.

“పాత పేరు మీద ఒక ఖాళీ ప్యాకేజీ పెట్టు. దాంట్ల కోడ్ ఏం వద్దు. కొత్త పేరును డిపెండెన్సీగ, అంటే దీనితోని అది గూడ కావాలె అని రాయి, చాలు. పాతది అడిగినోళ్లకు కొత్తది దానంతటదే దిగుతది.”

నేనేం జేసిన్నో తెల్సా? గా టైంల గూడ వాదన వెట్టుకున్న. “ఖాళీ ప్యాకేజీ అంటే రిపోజిటరీల చెత్త గాదా అన్న?”

“చెత్తనే తల్లీ, నువ్వే గెల్చినవ్. ముందైతే పెట్టు.”

పెట్టిన. లోపల స్వప్న, ఇంకొక్కసారి చూస్త సార్ అనుకుంట సారును మాటల్ల వెట్టిందట. మళ్ల ఇన్‌స్టాల్ కొట్టింది. ఖాళీ ప్యాకేజీ దిగింది, దాని ఎన్కనే ‘పైథాన్-అక్షర’ దిగింది. ఆట నడిచింది. ఇందాక ఏమైందని సారు అడిగితే, లైబ్రరీ పేరు మారింది, రాసినోళ్లే సరిజేసిన్రు అన్నది. నా పేరు తియ్యలే.

స్వప్న పాసైంది. ఆమెకు, రైలు కదుల్తున్నా ఫోన్ పెట్టెయ్యని రఫీ అన్నకు ఎన్ని దండాలు వెట్టినా తక్వనే. ఇన్నేండ్లల నేను రాసిన వాటిల్ల ఒకలికి అచ్చంగ అక్కరకొచ్చింది గా ఖాళీ ప్యాకేజీ ఒక్కటే. దాంట్ల నా మాట ఒక్కటి గూడ లేదు, గందుకే గావొచ్చు.

మీరు గూడ ఈ మధ్య ఏదన్నా లైబ్రరీ పేరు మార్చిన్రా? అయితే సదువుడు ఇక్కడ్నే ఆపుండ్రి. పోయి పాత పేరు మీద ఒక ఖాళీది పెట్టి రాండ్రి. నాతోని వాదన తర్వాత పెట్టుకుందురు.