లాభం రాని ఏడాది హల్వా

మా కింది ఫ్లాటు పెదనాన్నగారు కిందటి వారం కన్నుమూశారు. మస్కట్ నగరం బౌషర్‌లో మా బిల్డింగ్ పిల్లలందరికీ ఆయన పెదనాన్నే. రక్తసంబంధం ఎవరికీ లేదు. కబురు విని కిందికి పరుగెత్తాను. గుమ్మం దగ్గర పై ఫ్లాటు అంకుల్ మా నాన్నతో అంటున్నారు: "మంచి మనిషండీ. ఆ పేపర్ మిల్లు షేర్లు ఎప్పుడో అమ్ముకుని ఉంటే, ఈ వయసులో ఘాలా ఫ్యాక్టరీల పేటలో, గోడౌన్‌లో లెక్కలు రాసే ఖర్మ తప్పేది."

ఆయన పోయాక ఆయన గురించి నేను విన్న మొదటి మాట ఇది. చివరి మాట కూడా ఇదే కాకూడదని రాస్తున్నాను.

ఆ చిన్న మిల్లు కోస్తాలో, ఆయన సొంత ఊళ్లో ఉంది. నోటుపుస్తకాల కాగితం, అట్టలు చేస్తుంది. పెదనాన్నగారి మొదటి ఉద్యోగం అందులోనే. మిగుల్చుకున్న జీతంతో దాని షేర్లు కొన్నారు. మస్కట్ వచ్చాక కూడా అమ్మలేదు. ఏ కాగితం చేతికొచ్చినా, నా పరీక్ష పేపరైనా సరే, ముందు కిటికీ వెలుగుకి పట్టి చూసేవారు. మార్కులు తర్వాత.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం మత్రా బజారు నుంచి ఒమానీ హల్వా తెచ్చి ఇంటింటికీ పంచారు.

"ఇవాళ పండగా, పెదనాన్నా?"

"మా మిల్లు ఈ ఏడు డివిడెండ్ ఇవ్వలేదమ్మడూ."

"మరి హల్వా ఎందుకు?"

"ఆ డబ్బుతో కొత్త బాయిలర్ పెట్టారు. మన వాటా అందులో ఉడుకుతోంది. తిను."

డివిడెండ్‌ని లాభాంశం అంటారని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట ఎంత నచ్చిందంటే, ఇడ్లీల్లో నా లాభాంశం ఏదని అడిగి అమ్మ చేత తిట్లు తిన్నాను.

కొన్నేళ్లకు మిల్లు ఎన్నడూ లేనంత లాభాంశం ఇచ్చింది. అంకుల్ మెట్ల మీదే ఆయన్ని ఆపారు.

"ఏంటి సార్, ఇంతొస్తే హల్వా ఏదీ?"

"మెషీనూ, దాని కింద స్థలమూ అమ్మి పంచారండీ. విత్తనాల వడ్లు దంచుకు తిన్న రోజున ఎవరైనా విందు చేస్తారా?"

ఆ తర్వాత మిల్లు చాలాకాలం సగం మూతబడే ఉంది. ఇప్పటికైనా వదిలించుకోండని అంకుల్ పోరితే పెదనాన్నగారు నవ్వారు. "లాభానికి వచ్చేవాడు చుట్టం. నష్టంలోనూ లేచి వెళ్లనివాడు వాటాదారు. నేను చుట్టాన్ని కాదు."

షేరు ధర పెద్దగా పెరగలేదు. ఆయన ధనవంతుడు కాలేదు. అవి నేను కాదనను. ఆయన మోసపోయారంటే మాత్రం ఒప్పుకోను. ఏ ఏడు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఏ ఏడు ఎందుకు రాలేదో తెలిసి ఉన్నవాడు మోసపోయినట్టు ఎలా అవుతుంది?

నిన్న ఆయన ఫోన్‌కి మిల్లు నుంచి మెసేజ్ వచ్చింది. ఈ ఏడు లాభాంశం లేదు. మురుగునీరు శుభ్రం చేసే ప్లాంటు కడుతున్నారు. పెద్దమ్మకి చదివి వినిపించాను. అంకుల్ అక్కడే ఉన్నారు.

"అక్కయ్యగారూ, మీ పేరు మీదకి మారగానే అమ్మించేస్తాను. చేతిలో ఆసరాగా ఉంటుంది," అన్నారు. ఆమె మంచి కోరే అన్నారు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "అమ్మడూ, మీ నాన్నతో మత్రా వెళ్లి హల్వా పట్రా."

"ఇంకా దినాలైనా కాలేదండీ," అన్నారు అంకుల్.

"తెలుసు తమ్ముడూ. ఆయనుంటే ఈపాటికి తెచ్చేవారు. ఆ వాటా ఇప్పుడు నాది. నేను అమ్మను."

మేము తిరిగొచ్చేసరికి ఎండ కిటికీలోకి వాలింది. పెద్దమ్మ హల్వా గిన్నెకి చుట్టిన కాగితం విప్పి, దాన్ని వెలుగుకి పట్టి చూసి, మడిచి పక్కన పెట్టింది. గిన్నెను ఆయన ఫోటో ముందు, దీపం పక్కన ఉంచి చెంచా గుచ్చింది. హల్వా చిక్కగా ఉంది. చెంచా ఎటూ ఒరగకుండా నిటారుగా నిలబడింది.