మందుల కిటికీ వెనకున్న ఆవిడ

రాజోలు వైపు ఒక చిన్న ఆసుపత్రిలో మందులిచ్చే ఆవిడని అందరూ కాంపౌండరమ్మగారు అనేవారు. పెళ్లయిన ఆడవాళ్లెవరు చీటీ ఇచ్చినా, ఆవిడ గొంతు తగ్గించి, "నెల తప్పిందాండీ?" అని అడిగేవారు. జవాబు వినకుండా ఒక్క బిళ్ల కూడా చేతిలో పెట్టేవారు కాదు.

డెబ్బైల చివర్లో, నేను టీచరుగా చేరిన కొత్తలో, జ్వరంతో ఆ కిటికీ ముందు నిలబడ్డాను. నన్నూ అదే అడిగారు. లేదన్నాను. అప్పటికే రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి పైకి చెబితే నిలవదేమోనన్న భయంతో మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఆవిడ బిళ్లల పొట్లం మీద అరచెయ్యి ఆనించారు.

"తొందరేం లేదమ్మా. ఇది టెట్రాసైక్లిన్. కడుపులో బిడ్డ ఉంటే పడదండి. కాస్త ఆలోచించుకుని చెప్పండి."

"మూడో నెలండి" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆవిడ చీటీ తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని డాక్టరుగారి గదిలోకి నడిచారు.

"నేను రాసిన మందు మార్చడానికి మీరెవరండీ?" అని ఆయన విసుక్కున్నారు.

"మార్చేది మీరేనండి. ఈవిడకి మూడో నెలని చెప్పడానికొచ్చేనండి."

ఆయన నా వంక ఒకసారి చూసి, రాసింది కొట్టేసి, వేరే మందు రాశారు.

నెలలు నిండి పాప పుట్టింది. అది కడుపులో ఉందన్న మాట నా నోట మొదట విన్నది ఆవిడే. దాని తరఫున మొదట మాట్లాడిందీ ఆవిడే.