గీత దాటిన ఎరుపు

మా నాన్నకు అన్న, ఇంట్లో పిల్లలందరికీ పెద్దబాపు, రెండు నెలల కిందట ఒక మంగళవారం పొద్దున పోయారు. సూరత్ నవాగామ్‌లోని ఇంటి నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఊరికి ఇంకోవైపు బమ్రోలిలో, మా బట్టల ప్రింటింగ్ యూనిట్‌లో కంప్యూటర్ ముందున్నాను. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్న మనిషి అలాగే ఉండిపోయారట. ఎవరినీ కష్టపెట్టకుండా పోయారని వచ్చినవాళ్లంతా అన్నారు. నాకైతే కోపం వచ్చింది. ఒక్కరోజు మంచాన పడినా పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునేదాన్ని కదా!

మీలో సూరత్ చీర కట్టినవాళ్లు ఆయన చేతిపని చూసే ఉంటారు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మావాళ్లంతా మగ్గాల మీదికి పోతే, ఆయన రంగుల మిల్లులో చేరి ట్రేసింగ్ మాస్టర్ అయ్యారు. చీర మీద ఆరు రంగులుంటే, రంగుకొకటి చొప్పున ఆరు పారదర్శక ఫిల్ములు గీయాలి, సన్న కుంచెతో, నల్ల సిరాతో; అచ్చులు వాటి నుంచే తయారవుతాయి. వెంట్రుకవాసి తేడా వస్తే పువ్వు ఒకచోట, దాని రంగు ఇంకోచోట పడుతుంది. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. డిజైన్ వంకరగా వచ్చినా మాస్టర్ దాన్ని సరిచేసి తీరాలి. ఆ అలవాటు ఆయనకు ఇంటిదాకా వచ్చింది. పెద్దమ్మ వేసిన ముగ్గు దగ్గర నిలబడి “గా మూల జర గుంజుకపోయింది” అనకుండా ఒక్క పండుగా గడవలేదు.

కంప్యూటర్లు వచ్చాక ట్రేసింగ్ బల్లలు మూలకు పడ్డాయి, ఆయన కూడా. పదేళ్లు కుంచె ముట్టలేదు. ఆయన పని లాక్కున్న ఆ కంప్యూటరే నాకు అన్నం పెడుతోంది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రెండేళ్ల కిందట మా యూనిట్‌కు ఒక చిత్రమైన పని వచ్చింది. అమెరికాలో ఒక మ్యూజియం దుకాణం వాళ్లు, నూటయాభై ఏళ్లనాటి తమ ఎన్నికల బొమ్మలను నూలుబట్ట మీద ఉన్నవి ఉన్నట్టు అచ్చువేయమన్నారు. గుడ్డు ఆకారపు చట్రాల్లో ఇద్దరు పెద్దమనుషులు, ఒకరు అధ్యక్ష పదవికి, ఇంకొకరు ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డవారు. పైన గద్ద, చుట్టూ జెండాలు, కింద నాగలి, గోధుమ కంకులు. పాత కాగితం మరకలూ రంగులూ కలిసిపోయి, ఏది జెండానో ఏది మచ్చో నా కంప్యూటర్ తేల్చలేకపోయింది. రెండుసార్లు శాంపిల్ తిరిగొచ్చింది. ఇంకో యూనిట్‌కు ఇచ్చేస్తానని మా యజమాని సేఠ్ అన్నాడు. అప్పుడు వెళ్లాను పెద్దబాపు దగ్గరికి.

బొమ్మ చూసి, ఇదెవరి లగ్గం పత్రిక అన్నారు. ఓట్లకు నిలబడ్డవాళ్లని చెబితే, ఓట్ల కోసం ఇంత ఓపికగా బొమ్మ చేస్తారా అని అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. మర్నాటికి మంచం కింద నుంచి కుంచెల డబ్బా బయటికొచ్చింది. ఇరవై రోజులు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్యూటీకి వచ్చినట్టే మా యూనిట్‌కు వచ్చారు. ఆయనను అలా చూస్తే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ శాంపిలూ తిరిగొచ్చింది. తప్పు ఆయన మంచి అలవాటుది. గడ్డం పెద్దమనిషికి ఒక కన్ను చిన్నదిగా ఉంటే రెండూ సమానం చేశారు. వాలిన జెండాను నిలబెట్టారు. చారల్లో ఎరుపు గీత దాటి బయటికి పోయినచోటల్లా దాన్ని లోపలికి తెచ్చారు. బొమ్మ చక్కగా ఉంది కానీ మాది కాదు, అని వాళ్లు రాశారు. పది రోజుల గడువిచ్చారు. ఈసారి కుదరకపోతే పెద్దబాపు మళ్లీ ఆ మూలకే చేరతారు, ఇక ఎవరు పిలిచినా రారు. నా భయమల్లా అదే.

కన్నూ జెండా ఎలాగో దిద్దారు. ఎరుపు ఫిల్ము దగ్గర ఆగిపోయారు. మూడుసార్లు మొదలుపెట్టారు, మూడుసార్లూ కుంచె గీత అంచుకు వచ్చి తనంతట తానే నిలబడిపోయింది.

“చెయ్యి ఒప్పుకుంటలేదు బిడ్డా. తప్పు గీయుమంటే ఎట్ల గీస్తది?”

నాకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, అమెరికావాళ్లు పంపిన మెయిల్ మొదటి నుంచి చదివి వినిపించాను. అందులో ఒకచోట ఉంది: ఆ రోజుల్లో నల్లగీతలు మాత్రమే అచ్చువేసేవారట, రంగులు ఆడవాళ్లు చేత్తో వేసేవారట. వరసగా కూర్చుని ఒకామె ఎరుపు, పక్కనామె నీలం. పెద్దబాపు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. ఎరుపు దాటినచోటల్లా కుడివైపుకే దాటింది.

“గిది తప్పు గాదు. ఒకామె చెయ్యి. ఎన్ని కాయితాలు ఎయ్యాల్నో ఏమో పాపం, జర ఉరికిచ్చింది.”

మర్నాడు పెద్దమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించింది కానీ కుంచె ఎన్నడూ పట్టలేదు. ఆమెకు సరిదిద్దడం రాదు, కంటికి కనిపించింది కనిపించినట్టే చేస్తుంది, మనకు అదే కావాలని పెద్దబాపు అన్నారు. నలభై ఏండ్ల సంది నా తప్పులు ఎంచినవు, ఇయ్యాల తప్పు కోసమే పిలుస్తున్నవా అని పెద్దమ్మ అడిగితే యూనిట్ అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

“నాకు రానిది నీకొస్తది. కూసో.”

ఆమెతో ఆయన అలా అనడం నాకు బుద్ధి తెలిశాక అదే మొదటిసారి. పెద్దమ్మ స్టూలు ముందుకు జరుపుకుని కూర్చుంది.

ఆ శాంపిల్‌ను అమెరికావాళ్లు ఒప్పుకున్నారు. తర్వాత ఇంకో నాలుగు ఎన్నికల బొమ్మలు వచ్చాయి. ఎరుపు పెద్దమ్మది, నీలం ఆయనది. మా గల్లీలో రాళ్లు అంటించే మరో ముగ్గురు ఆడవాళ్లు వచ్చి నేర్చుకున్నారు. ఆయన వాళ్లకు చెప్పిన పాఠమల్లా, ముందుగాల చూడు, దిద్దుడు తర్వాత. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నా నాకు అదే గుర్తొస్తుంది. ఆయన మారిపోయారని మాత్రం అనుకోకండి, ముగ్గుకు వంకలు పెట్టడం చివరిదాకా మానలేదు.

పోయేనాటికి కొత్త బొమ్మ నీలం ఫిల్ము ఆయన బల్ల మీద సగంలో ఉంది. దాన్ని పక్కన పెట్టి మొదటి నుంచి గీయిద్దామని సేఠ్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఎవరు గీస్తారో తెలియకుండానే ఒప్పుకోలేదు. నెలమాసికం అయిన మర్నాడు పెద్దమ్మ వచ్చింది. ఆయన స్టూలు మీద కూర్చుంది. ఆయన గీత ఆగినచోట కుంచె మొన ఆనించి, ఊపిరి బిగబట్టి, అక్కడి నుంచి ముందుకు గీసింది. జెండాలో ఇంకా ఏడు నక్షత్రాలు మిగిలి ఉన్నాయి. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, మొదటి నక్షత్రం చుట్టూ సిరా నింపడం మొదలుపెట్టింది.