చిప్పు మీద ఆరబోసిన అల్లం

మన దేశంలో కంప్యూటర్ చిప్పు గీసిన మొదటి ఆడవాళ్లలో మా అనసూయక్క ఒకతె. అక్క గీసిన చిప్పు మీద రెండు తట్టల అల్లం ఆరబోసింది మాత్రం ఒక్కతే. ఆ ఘనకార్యం నాది. అక్క పోయిన నెలకి, జహీరాబాద్‌లో ఆమె చదివిన బళ్లో సంతాప సభ పెట్టారు. అక్క మా పెద్దమ్మ కూతురు కదా, నన్నూ మాట్లాడమన్నారు. మైకు ముందుకు వెళ్తుంటే నిర్వాహకుడు చెవిలో గొణిగాడు. "అమ్మా, జర అందరికి ఏడ్పొచ్చేటట్టు మాట్లాడుండ్రి. ఆ అల్లం ముచ్చట మాత్రం తియ్యకుండ్రి."

నేను సరిగ్గా అదే తీశాను. మీకూ అదే చెబుతాను. ఏడవాలనుకునేవాళ్లు ఇప్పుడే పేజీ తిప్పేయండి.

ఎనభైల మొదట్లో సంగతి. నేను ఇంటరు తప్పి, పెద్దమ్మ ఇంట్లో ఉండి ఆమె అల్లం చేను చూసుకుంటున్నాను. అక్క బెంగుళూరులో ఉద్యోగం. పెద్దమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుందని తెలిసి బస్సెక్కి వచ్చింది. చంకలో మనిషంత పొడుగు గొట్టం, దాంట్లో చుట్టి పెట్టిన ప్లాస్టిక్ షీటు. గదిలో పరిస్తే ఈ గోడ నుంచి ఆ గోడకు వచ్చింది. నిండా ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలు. గోరంత చిప్పును వందల రెట్లు పెంచి గీసిన బొమ్మట అది.

అక్క కొంగు నడుముకు దోపి, దాని మీద మోకాళ్లతో పాకుతూ, ఒక్కో గీతా సరిచూసి రంగు పెన్సిలుతో టిక్కు కొట్టేది. అంటకూడని గీతలు రెండు ఎక్కడన్నా అంటుకున్నాయో, చిప్పు మొత్తం చెత్తబుట్టకే. సోమవారానికి పూర్తిచేసి చూపించకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారట. పైగా ఆమె పై ఆఫీసరు అందరి ముందూ నవ్వాడట, "ఆడవాళ్లు డ్రాయింగు ఇంటికి పట్టుకుపోతే పసుపు మరకలతో తిరిగొస్తుంది" అని.

"నువ్వేమన్నవక్కా?"

"ఒక్క పసుపు చుక్క పడ్డా రాజీనామా ఇస్త సార్ అన్న."

రెండు వారాల టిక్కులు ఇంచుమించు పూర్తయ్యాయి. గురువారం పొద్దున అక్క షీటు చుట్టి పెట్టి, పెద్దమ్మను కట్టు మార్పించడానికి దవాఖానకు తీసుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ పెద్దమ్మ నాకు పని చెప్పింది. "తవ్వుకొచ్చిన అల్లం మురుగుతది బిడ్డ, జల్ది ఆరబొయ్యి."

ఆరబోయడానికి ఏముంది? ముందు రోజు కురిసిన దొంగ వానకు గోనె సంచులన్నీ తడిసి ముద్దయ్యాయి. అప్పుడు నా కళ్లు, పాడు కళ్లు, ఆ గొట్టం మీద పడ్డాయి. షీటు తీసి వేలితో నిమిరాను. ఎంత నునుపు! చుక్క తేమ పీల్చదు. గీతల వైపు కింద పెట్టాలన్న జ్ఞానం కూడా లేదు నాకు. వసారాలో పరిచి, మట్టితో సహా అల్లం పోసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

గంట తర్వాత అల్లం తిరగేస్తుంటే కింద మట్టి, పసుపుపచ్చ రసం. అక్కకు తెలియకుండా తుడిచేద్దామని తడి గుడ్డ తెచ్చాను. మట్టి పోయింది. టిక్కులూ పోయాయి. పసుపుపచ్చ మరక మాత్రం పోలేదు. ఊరుకున్నానా? అక్క పెన్సిళ్లు తీసి, చెరిగిన చోటల్లా నా ఇష్టమొచ్చినట్టు టిక్కులు కొట్టాను. చూడ్డానికి బోసిగా ఉందని నాలుగు గీతలు కూడా కలిపాను.

అక్క వచ్చింది. చూసింది.

"ఏం చేసినవే?"

"అల్లం ఆరబోసిన."

"ఈ గీతలేంది?"

"అవి... నేనే గీసిన. మంచిగున్నయా?"

అక్క గోడకు చేరబడి కూర్చుండిపోయింది. "అక్కా, రెండు దెబ్బలు కొట్టు, గట్ల కూసోకు" అని నేనే బతిమాలాను. చివరికి లేచి, కొంగు దోపింది.

"వాడు నవ్వుతనంటె నేను కూసోని ఏడుస్తనా? మళ్ల మొదటికెళ్లి చూస్త. నువ్వు గూడ పాకు, నడువ్!"

మూడు రోజులు రాత్రింబవళ్లు పాకాం. నా మోకాళ్లు చెక్కుకుపోయాయి. పెద్దమ్మ మంచం మీద కట్టు కాలు చాపుకుని, పై నుంచి కాపలా. ఆదివారం పొద్దున ఆమె ఉన్నట్టుండి చేతికర్ర చాపింది.

"అనసూయా, గా నీలం గీత చూడు. పక్కోని గట్టు దున్నుకుంట పోయింది."

అది నేను గీసిందేమోనని గబగబా పాక్కుంటూ వెళ్లి చూశాను. కాదు. షీటు మీద ముందు నుంచీ అచ్చులో ఉన్నదే. రెండు గీతలు నిజంగానే అంటుకున్నాయి. మొదటిసారి చూసినప్పుడు అక్క కూడా దానికి టిక్కు కొట్టేసిందట. అంతకుముందు ఆఫీసులో ముగ్గురు మగ ఇంజనీర్లు చూసి సంతకాలు పెట్టారట. అక్క వాళ్లమ్మను గట్టిగా వాటేసుకుంది. నన్ను చూసి మాత్రం, "నీ సంగతి తర్వాత చెప్త" అంది.

సోమవారం ఆఫీసరు మరక చూసి ఎగిరి గంతేశాడట. "చెప్పానా! పసుపు!"

"పసుపు కాదు సార్, అల్లం. వాసన చూసుకోండి. అది చూశాక ఈ తప్పు కూడా చూడండి" అందట అక్క. ఆయన రెండూ చూశాడట. పని అక్క చేతిలోనే ఉంది, చిప్పు బయటికొచ్చింది.

సభలో ఈ ముచ్చట ముగించేసరికి అందరూ పొట్టలు పట్టుకున్నారు, నిర్వాహకుడు తల పట్టుకున్నాడు. అప్పుడు వెనక వరసలో ఒకాయన లేచాడు. అక్క దగ్గర పని నేర్చుకున్న ఇంజనీరట. చేతిలో ఆ చిప్పును మైక్రోస్కోపు కింద పెట్టి తీసిన ఫొటో.

"అమ్మా, చిప్పు మూలన ఖాళీ జాగాలో మేడం కంటికి కనిపించనంత చిన్న బొమ్మ గీశారు. ఎన్నిసార్లు అడిగినా నవ్వేవారు తప్ప చెప్పలేదు. కొందరు ఒంటె అన్నారు, కొందరు ఏదో దీవి పటమన్నారు. మీకేమైనా తెలుసా?"

చూశాను. మూడు కణుపులు, పక్కన ఒక పిలక. మా చేని అల్లం. నా సంగతి తర్వాత చెప్తానన్నది, ఇలా చెప్పింది మా అక్క. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే నిర్వాహకుడు గెలుస్తాడని పళ్లు బిగపట్టి నవ్వాను.

కాబట్టి సభలో చేసిన ప్రమాణమే ఇక్కడా రాసి సంతకం పెడుతున్నాను. ఆకాశం చిల్లుపడి నా గోనె సంచులన్నీ కొట్టుకుపోయినా సరే, గీతలున్న షీటు మీద ఈ జన్మలో అల్లం ఆరబోయను. ఒకవేళ ఆరబోసినా, తడి గుడ్డతో మాత్రం తుడవను.